మొక్క కణాల పెరుగుదల – గణిత నమూనాలు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొన్న కొల్లేరు సరస్సుకు దక్షిణాన ముదినేపల్లి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా కృష్ణాజిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు ఏలూరు జిల్లాలో భాగం. ఒకవైపు వరిచేలు, మరొకవైపు చేపల చెరువులు, వాటి మధ్య పంటకాలువలు, మురుగుకాలువలు – ఎటు చూసినా నీరే కనిపించే ఈ సీమలో ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క ఒకటుంది. అది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికాలో పుట్టి దేశదేశాలకు ప్రాకిన ఈ నీటిమొక్క ఊదారంగు పూలతో చూపరులను మురిపిస్తుంది. కాని కాలువ నీటిని కదలనివ్వదు, పడవను సాగనివ్వదు, నీటిలోని చేపకు ప్రాణవాయువు అందనివ్వదు. వెచ్చదనమూ ఎరువుల సారమూ ఉన్న నీటిలో అది రెండు వారాలలోపే రెట్టింపు కాగలదు.

ఒక చెరువులో గుర్రపుడెక్క వారం వారం రెట్టింపవుతూ పదో వారం చివరకు చెరువునంతా కమ్మివేసిందనుకొందాం. సగం చెరువు ఎప్పుడు నిండింది? తొందరపడి చెప్పేవారు ఐదో వారమంటారు. అసలు సమాధానం తొమ్మిదో వారం. ఐదో వారం చివర ఆ చెరువులో నిండింది ముప్పైరెండో వంతు మాత్రమే, అంటే నూటికి మూడు పాళ్లు. గట్టున నిలిచిన రైతు ‘ఇంకా బోలెడంత నీరు ఖాళీగానే ఉంది గదా’ అనుకొని ఊరుకొనే వేళకు సగం గడువు తీరిపోయింది. కూడికతో పెరిగేవాటికి అలవాటు పడిన మనసు హెచ్చవేతతో పెరిగేవాటి దగ్గర ఇలాగే మోసపోతుంది. కంటిచూపుకు దొరకని ఈ సంగతిని దొరకబుచ్చుకోవడానికే గణితం అవసరమైంది.

గుర్రపుడెక్క చెరువులో చేసే పనినే మొక్క కణం ప్రయోగశాలలోని గాజుసీసాలో చేస్తుంది. చెరువుగట్టున రైతుకు కలిగే సందేహాలూ, సీసా ఎదుట శాస్త్రజ్ఞునికి కలిగే సందేహాలూ ఒకటే. ఇప్పుడు ఎంత ఉంది? ఎంత వేగంగా పెరుగుతోంది? ఎక్కడ ఆగుతుంది? వీటికి సమీకరణ రూపంలో చెప్పే సమాధానాన్నే గణిత నమూనా అంటారు. ఇంటి ప్లాను ఇల్లు కాదు. అందులో ఎవరూ కాపురం ఉండలేరు. అయినా ఇటుకలెన్ని కావాలో, గుమ్మం ఎటు పెట్టాలో మేస్త్రీకి తెలిసేది ఆ కాగితం వల్లనే. గణిత నమూనా కూడా అటువంటిదే.

సీసాలోని మొక్క

మొక్క నుంచి ఒక ముక్కను, అది ఆకు కావచ్చు, వేరు కావచ్చు, మొగ్గ కావచ్చు, వేరుచేసి, సూక్ష్మజీవులు సోకకుండా శుభ్రపరచి, చక్కెర, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు కలిపిన యానకంలో పెంచడాన్ని కణజాల వర్ధనం అంటారు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గాట్‌లీబ్ హేబర్‌లాంట్ 1902లోనే ఈ ఊహను లోకం ముందుంచాడు. ఆయన వేరుచేసిన ఆకుకణాలు కొన్ని వారాలు బ్రతికాయి, కాస్త ఉబ్బాయి, కాని విభజన చెందలేదు. ఊహ సరైనదే, కణానికి ఏమి పెట్టాలో మాత్రం నాటికి ఎవరికీ తెలియదు. 1939లో అమెరికాలో ఫిలిప్ వైట్, ఫ్రాన్సులో రోజే గోత్రే, పియేర్ నోబేకూర్ ఎవరికి వారుగా మొక్కల కణజాలాన్ని ఎంతకాలమైనా పెంచవచ్చునని నిరూపించారు.

ఈ చరిత్రలో పొగాకుకు ప్రత్యేక స్థానం ఉంది. జంగారెడ్డిగూడెం వైపు మెట్టనేలల రైతు వర్జీనియా పొగాకును బేరన్‌లో కాల్చి అమ్ముకొంటాడు. వృక్షశాస్త్రజ్ఞునికి అదే పొగాకు అక్షరాలు దిద్దించిన పలక. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల నిష్పత్తిని మార్చితే ఒకే కణపుంజం నుంచి వేర్లనుగాని, కొమ్మలనుగాని రప్పించవచ్చునని 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంపైనే చూపారు. నేటికీ లోకమంతటా వాడే యానకాన్ని 1962లో మురషీగీ, స్కూగ్ రూపొందించింది కూడా పొగాకు కోసమే. లీటరు నీటికి 30 గ్రాముల చక్కెర అందులో ముఖ్యమైన ఆహారం. ఈ 30 అన్న అంకెను గుర్తుంచుకోవాలి. తరవాతి లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది. భారతదేశం ఈ రంగంలో వెనుకబడి లేదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పువ్వులోని పరాగకోశం నుంచి ఏకస్థితిక మొక్కలను రప్పించి ప్రపంచ దృష్టిని ఆకర్షించారు.

రెట్టింపుల లెక్క – దాని హద్దు

పొగాకు కణాల్లో ‘బ్రైట్ ఎల్లో–2’ అనే జపాను వంశం వేగానికి పేరుమోసింది. ద్రవ యానకంలో ఊపుతూ పెంచితే ఆ కణాలు చురుకైన దశలో సుమారు 16 గంటలకొకసారి రెట్టింపవుతాయి. వారానికి 168 గంటలు. అంటే పదిన్నర రెట్టింపులు. ఆ లెక్కన వారం తిరిగేసరికి ఒక కణం 1,400కు పైగా కణాలు కావాలి. వాస్తవంలో వారానికి పెరిగేది 80 నుంచి 100 రెట్లు మాత్రమే. మిగిలినవి ఏమైనట్లు? ఈ ప్రశ్న దగ్గరే అసలైన గణితం మొదలవుతుంది.

కొత్త సీసాలోకి మార్చిన కణాలు వెంటనే విభజన మొదలుపెట్టవు. కొత్త యానకానికి అలవాటు పడేందుకు వాటికి కొంత సమయం కావాలి. దీన్ని మాంద్య దశ అంటారు. వేసిన కణాల సంఖ్య మరీ తక్కువైతే ఈ దశ సాగిసాగి, ఒక్కోసారి అవి అసలే పెరగవు. కణాలు ఒకదానికొకటి తోడుగా యానకంలోకి విడుదల చేసుకొనే పదార్థాలు చాలినంత చేరకపోవడమే ఇందుకు కారణం. తోడు చాలని పాలు పెరుగు కాకపోవడం ప్రతి ఇంటా ఎరిగినదే. మాంద్య దశ తరవాత రెట్టింపుల దశ, అంటే ఘాతాంక దశ, వస్తుంది. ఆ పిమ్మట వేగం సన్నగిల్లి పెరుగుదల ఆగిపోతుంది. అది నిశ్చల దశ. కాలాన్ని అడ్డగీత మీదా, కణరాశిని నిలువుగీత మీదా గుర్తించి గీస్తే, కింద చదునుగా మొదలై, నడుమ నిటారుగా లేచి, పైన మళ్లీ చదునయ్యే వక్రరేఖ వస్తుంది. దీనికే సిగ్మాయిడ్ వక్రరేఖ అని పేరు.

ఈ రేఖకు సమీకరణాన్ని ఇచ్చినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు కాదు. జనాభా హెచ్చవేతలో పెరుగుతుందని 1798లో మాల్థస్ చేసిన వాదాన్ని పరిశీలించిన బెల్జియం గణితజ్ఞుడు పియేర్ ఫ్రాన్స్వా వెర్‌హుల్స్ట్, ఏ జనాభా అయినా ఒక గరిష్ఠ పరిమితిని సమీపించే కొద్దీ నెమ్మదించక తప్పదని 1838లో వ్రాశాడు. ఆయన సమీకరణాన్ని మాటల్లో ఇలా చెప్పవచ్చు:

పెరుగుదల వేగం = సహజ వేగం × ప్రస్తుత రాశి × (1 – ప్రస్తుత రాశి ÷ గరిష్ఠ రాశి)

కుండలీకరణంలోని భాగమే ఇందులో కీలకం. రాశి అత్యల్పంగా ఉన్నప్పుడు దాని విలువ 1కి దగ్గరగా ఉండి, పెరుగుదల నిరాటంకంగా సాగుతుంది. రాశి గరిష్ఠానికి చేరువయ్యేకొద్దీ అది సున్నాకు దిగుతుంది, పెరుగుదలా ఆగుతుంది. చెరువులో ఖాళీ నీరు ఎంత మిగిలిందన్నదే ఆ కుండలీకరణం చెప్పే మాట.

అయితే సీసాలో గరిష్ఠ రాశి ఎక్కడి నుంచి వస్తుంది? యానకంలోని 30 గ్రాముల చక్కెరలో సుమారు సగం కణాల శరీరంగా మారుతుంది. మిగిలిన సగం శ్వాసక్రియలో ఖర్చయిపోతుంది. కనుక లీటరుకు సుమారు 15 గ్రాముల ఎండుబరువు దగ్గర ఆ పంట ఆగాలి. సమీకరణంలో అగోచరంగా తోచిన గరిష్ఠ రాశి చివరకు చక్కెర డబ్బాలో తేలింది. ఇప్పుడు లీటరుకు 1 గ్రాము కణాలతో మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి రెట్టింపయ్యే వర్ధనాన్ని ఊహిద్దాం. రెట్టింపుల లెక్క ప్రకారం నాలుగో రోజుకు 4 గ్రాములు, ఎనిమిదో రోజుకు 16, పన్నెండో రోజుకు 64, పదహారో రోజుకు 256 గ్రాములు రావాలి. 30 గ్రాముల చక్కెర తిని 256 గ్రాములు పెరగడం అసాధ్యమని వేరే చెప్పనక్కరలేదు. వెర్‌హుల్స్ట్ సమీకరణం ప్రకారం అవే రోజులకు వచ్చేవి 3.3, 8, 12.3, 14.2 గ్రాములు. నాలుగో రోజున రెండు లెక్కలకూ పెద్ద తేడా లేదు. అందుకే మొదటి కొద్దిరోజులు చూసి ముందుకాలాన్ని ఊహించేవారు పొరపడుతుంటారు.

ఈ సమీకరణం నుంచి ఒక ఉపయోగకరమైన ఫలితం వెలువడుతుంది. రాశి గరిష్ఠంలో సగానికి చేరినప్పుడు పెరుగుదల వేగం అన్నిటికంటె ఎక్కువగా ఉంటుంది. పై ఉదాహరణలో అది ఎనిమిదో రోజుకు కాస్త ముందు. కణాలను కొత్త యానకంలోకి మార్చడాన్ని ఉపవర్ధనం అంటారు. ఆ పని మరీ ముందుగా చేస్తే సీసాలోని చక్కెరా, పనివారి శ్రమా వృథా. మరీ ఆలస్యం చేస్తే ఆకలిగొన్న కణాలు గోధుమరంగుకు తిరిగి, కొత్త సీసాలో కోలుకోవడానికి చాలా రోజులు తీసుకొంటాయి. ఎప్పుడు మార్చాలో వక్రరేఖ చెబుతుంది.

చక్కెర తగ్గితే వేగం ఏ తీరున తగ్గుతుందన్నది మరొక ప్రశ్న. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ మోనో 1940 దశకంలో బాక్టీరియాపై పనిచేసి దీనికి సమాధానం చెప్పాడు. ఆహారం కొంచెమే ఉన్నప్పుడు, దాన్ని పెంచినకొద్దీ వేగం పెరుగుతుంది. సమృద్ధిగా ఉన్నప్పుడు ఇంకా పెంచినా వేగం పెరగదు. పెళ్లిపంక్తిలో వడ్డించేవారు ఎందరున్నా తినేవాని చేయి కదిలే వేగానికి హద్దుంటుంది గదా! మొక్క కణాల విషయంలో మోనో సూత్రం కొంతవరకే సరిపోతుంది. బాక్టీరియా విడివిడిగా ఈదులాడితే మొక్క కణాలు గుత్తులుగా అంటుకొని ఉంటాయి. గుత్తి వెలుపలి కణానికి అందినంత ఆహారమూ, గాలీ నడిమి కణానికి అందవు. అందువల్ల ఒకే సీసాలో ఒకే సమయాన కొన్ని కణాలు కడుపునిండా తింటుంటే కొన్ని పస్తుంటాయి.

కొలవడంలోని చిక్కు

సమీకరణం ఎంత చక్కనిదైనా అందులో వేసే అంకె కొలత నుంచే రావాలి. ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల చేపల రైతుకు దీనితో చిరకాల పరిచయం ఉంది. చెరువు నీటికి పచ్చదనాన్నిచ్చే సూక్ష్మశైవలాలు చేపలకు ఆహారం. పగటిపూట నీటికి ప్రాణవాయువునిచ్చేవీ అవే. మితిమీరి పెరిగితే మాత్రం రాత్రివేళ ఆ వాయువును అవే వాడుకొని, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచే దుస్థితిని తెచ్చిపెడతాయి. నీరు ఎంత పచ్చబడిందో తెలుసుకోవడానికి రైతు మోచేతి వరకు చేయి ముంచి, అరచేయి కనిపిస్తోందా లేదా అని చూస్తాడు. పరికరమేమీ లేని ఆ కొలత వెనుకనున్న తర్కం ప్రయోగశాలలోని తర్కమే: కణాలను ఒక్కొక్కటిగా లెక్కించలేనప్పుడు, వాటి వల్ల మారే మరొకదాన్ని కొలవాలి.

సీసాలోని కణరాశిని తూచడం తేలికని అనిపించవచ్చు. కాని ఏ బరువు? వడగట్టి తూచితే తడిబరువు, ఆరబెట్టి తూచితే ఎండుబరువు. చక్కెర అయిపోయిన తరవాత కూడా కణాలు నీరు పీల్చి ఉబ్బుతూనే ఉంటాయి. తడిబరువు పైకి పోతుంటుంది. దాచుకొన్న సారం కరిగి ఎండుబరువు దిగుతుంటుంది. ఒకే సీసాను రెండు విధాలుగా తూచినవారు ఒకరు ‘పెరుగుతోంది’ అని, మరొకరు ‘క్షీణిస్తోంది’ అని చెప్పే అవకాశం ఉంది. తేమశాతం చూడనిదే ధాన్యానికి ధర కట్టని కళ్లం లెక్క ఇక్కడా వర్తిస్తుంది. పైగా తూచాలంటే సీసా మూత తెరవాలి. తెరిస్తే సూక్ష్మజీవులు చొరబడే ప్రమాదం. అందుకే యానకపు విద్యుద్వాహకతను లోపల అమర్చిన కడ్డీలతో కొలిచే పద్ధతి వచ్చింది. కణాలు నైట్రేటు మొదలైన లవణాలను పీల్చుకొన్నకొద్దీ వాహకత తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి ఎంత పెరిగాయో అంచనా వేస్తారు.

మొక్కలను ముక్కలుచేసి పెంచే చోట గ్రాములకు బదులు తలలు లెక్కపెడతారు. అరటి పిలక నుంచి తీసిన మొగ్గ నాలుగు వారాలకొకసారి మూడింతలవుతుందనుకొంటే ఎనిమిది ఆవృత్తుల్లో, అంటే 32 వారాల్లో, ఒక మొగ్గ 6,561 మొగ్గలవుతుంది. ప్రతి ఆవృత్తిలోనూ నూటికి పది సీసాలు బూజుపట్టి పోయాయనుకొంటే? మూడింతలు కాస్తా 2.7 ఇంతలవుతుంది. చివరికి మిగిలేవి 5,900 కాదు. సుమారు 2,820 మాత్రమే. చిన్న నష్టమైనా ప్రతిసారీ హెచ్చవేతలో చేరుతుంది కనుక ఆరంభంలో పది శాతంగా కనిపించినది తుదకు సగానికి పైగా తినివేస్తుంది. ప్రయోగశాల నడిపేవారికి శుభ్రత ఒక ఆచారం కాదు, లెక్క.

మొవ్వు ఒక్కటే ఉన్న చెట్టు

కొల్లేరు దాటి ఏలూరుకు ఉత్తరంగా సాగితే నల్లరేగడి పోయి ఎర్రనేల వస్తుంది. ఒకనాడు శాలంకాయనులకు, తరవాత తూర్పు చాళుక్యులకు రాజధానిగా వెలిగిన వేంగి నగరమే నేటి పెదవేగి. ఆ పరిసరాల మెట్టభూముల్లో 1990 దశకం మొదలు ఆయిల్ పామ్ తోటలు విస్తరించాయి. ఆ పంటపై పరిశోధనకు భారత వ్యవసాయ పరిశోధన మండలి 1995లో పెదవేగిలోనే ఒక జాతీయ కేంద్రాన్ని నెలకొల్పింది. అదే ఇప్పుడు భారత ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ. ఆయిల్ పామ్ కణజాల వర్ధనం కూడా అక్కడి పరిశోధనాంశాల్లో ఒకటి.

అరటికి పిలకలున్నాయి, మల్లెకు అంటు తొక్కవచ్చు, మామిడికి అంటు కట్టవచ్చు. ఆయిల్ పామ్‌కు ఇవేవీ లేవు. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు మాదిరిగానే దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. మొవ్వు నరికితే చెట్టు చస్తుంది. తోటలో ఒక చెట్టు పక్క చెట్ల కంటె మిక్కిలి నూనెనిచ్చినా దాన్ని అచ్చుగుద్దినట్లు మరొకటి చేయడానికి ప్రకృతి దారి ఉంచలేదు. దాని గింజలు నాటితే పిల్లలు తల్లిని పోలవు. ఆయిల్ పామ్ కాయలో పెంకు మందాన్ని ఒక్క జన్యువే నిర్ణయిస్తుందని 1941లో బెల్జియన్ కాంగోలో కనుగొన్నారు. మందపు పెంకుగల డ్యూరాను, పెంకులేని పిసిఫెరాతో సంకరపరిస్తే పలుచని పెంకుగల టెనెరా వస్తుంది. రైతులు నాటేది ఈ టెనెరానే. టెనెరా గింజను నాటితే మూడు రకాలూ కలిసివస్తాయి.

కనుక ఒక ఉత్తమ వృక్షాన్ని వేలాదిగా చేయాలంటే కణజాల వర్ధనమే శరణ్యం. 1970 దశకంలో ఇంగ్లండు, ఫ్రాన్సు పరిశోధకులు దీన్ని సాధించారు. విచ్చుకోని మొవ్వాకు నుంచిగాని, వేరుకొస నుంచిగాని తీసిన ముక్క నెలల తరబడి యానకంలో ఉండి కాలస్ అనే కణపుంజాన్ని ఇస్తుంది. అందులో ఏ కొద్దిభాగమో పిండాభాలుగా మారుతుంది. పిండాభాలు మళ్లీ మళ్లీ కొత్త పిండాభాలను పుట్టిస్తాయి. వాటి నుంచి మొక్కలు వస్తాయి. ఆకుముక్క నాటదగిన మొక్కగా తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంత నిరీక్షణకు సిద్ధపడటానికి కారణం ఉంది. గింజ తోటల కంటె 20 నుంచి 30 శాతం అధికంగా నూనె వస్తుందని ఆశించారు.

పిండాభాల రెట్టింపుకు అంతం లేదని తెలియగానే పుట్టే ఆలోచన సహజమైనదే. ఆపడం దేనికి? చక్కెర మారుస్తూ ఉంటే ఒక్క ముక్క నుంచి దేశానికి సరిపడా మొక్కలు రావా? పెరుగుదల సమీకరణాలన్నీ దీనికి ‘వస్తాయి’ అనే చెబుతాయి.

సమీకరణంలో లేని తేడా

1980 దశకంలో మలేషియాలో ఇటువంటి తోటలు గెలలు వేయడం మొదలైనప్పుడు కొన్ని చెట్ల కాయలు వికృతంగా కనిపించాయి. పువ్వులో కేసరాలు కావలసిన భాగాలు అండకోశాల వలె మారి, కాయను కప్పుతూ అదనపు కండరేకులు మొలిచాయి. ముసుగు కప్పుకొన్నట్లుండే ఈ కాయలను ‘మాంటిల్డ్’ కాయలన్నారు. వికృతి తీవ్రమైన చెట్లలో గెలలు ఎదగక రాలిపోయాయి, నూనె లేదు. నారుమడిలో ఆ మొక్కలు ఇతర మొక్కల మాదిరే పచ్చగా, ఏపుగా ఉన్నాయి. తేడా బయటపడింది మూడు నాలుగేళ్ల తరవాత, తొలి గెలలోనే.

కణాల సంఖ్యను లెక్కించిన నమూనాలు అన్ని కణాలూ ఒకే తీరువని ముందే ఒప్పుకొని మొదలుపెట్టాయి. లోపం అక్కడుంది. దాన్ని సరిదిద్దడానికి పెద్ద గణితం అవసరం లేదు. ప్రతి ఆవృత్తిలోనూ నూటికి ఒక పిండాభం దారి తప్పుతుందనుకొందాం. ఇది కేవలం లెక్క కోసం తీసుకొన్న అంకె. ఒక ఆవృత్తి తరవాత సవ్యమైనవి 0.99 వంతు. ఎనిమిది ఆవృత్తుల తరవాత 0.99ను ఎనిమిదిసార్లు హెచ్చవేయగా 0.92. ఇరవై తరవాత 0.82. నలభై తరవాత 0.67. ఆయిల్ పామ్‌ను తొమ్మిది మీటర్ల త్రిభుజాకారపు ఎడంతో నాటితే ఎకరాకు 57 మొక్కలు పడతాయి. ఎనిమిది ఆవృత్తుల మొక్కలైతే ఎకరాకు నాలుగు చెట్లు వ్యర్థం, ఇరవై ఆవృత్తులవైతే పది, నలభైవైతే పంతొమ్మిది. ఆ చెట్లు తోటలో నిలిచేది పాతికేళ్లకు పైగా. తీసివేసి తిరిగి నాటినా, పెరిగిన చెట్ల నీడలో కొత్త మొక్క కోలుకోవడం కష్టం. సీసాలో ఒక్క నెల ఎక్కువ తిప్పడానికీ, రైతు పొలంలో పాతికేళ్ల నష్టానికీ ఉన్న ముడి ఇది. అరటిలో సైతం ఆవృత్తులను ఏడెనిమిదికి మించనివ్వరాదన్న కట్టడి పెంపకందారుల్లో స్థిరపడింది ఇందుకే.

సగటు చెప్పని సంగతి మరొకటుంది. ఎకరాకు నాలుగు అన్నది సగటు మాత్రమే. దారి తప్పడం చివరి ఆవృత్తిలో జరిగితే పాడయ్యేది ఒక్క మొక్క. మొదటి ఆవృత్తిలోనే, మూడు పిండాభాల్లో ఒకటి దారి తప్పితే? దాని సంతానమంతా దారి తప్పినదే. మొత్తం మొక్కల్లో మూడో వంతు చెడిపోతాయి. ఒక సీసా సంతతిలో వికృతి అసలే ఉండకపోవచ్చు; పక్క సీసా సంతతిలో అన్నీ వికృతమే కావచ్చు. బాక్టీరియాలో ఇటువంటి హెచ్చుతగ్గుల గణితాన్ని 1943లో లూరియా, డెల్‌బ్రూక్ వివరించారు. ఆయిల్ పామ్ తోటల్లోనూ అదే కనిపించింది. కొన్ని వంశాల్లో మాంటిల్డ్ చెట్లు ఒక్కటీ లేకపోగా, కొన్నిటిలో దాదాపు అన్నీ అవే. మొత్తం మీద తక్కువ శాతమే గదా అన్న ఓదార్పు, ఆ చెడిన సీసా మొక్కలన్నీ ఒకే పొలానికి చేరిన రైతుకు పనికిరాదు. అందువల్ల ఏ మొక్క ఏ సీసా నుంచి, ఆ సీసా ఏ సీసా నుంచి వచ్చిందో వంశవృక్షం వలె వ్రాసి ఉంచడమూ, ఒక పొలానికి అనేక వంశాల మొక్కలను కలిపి ఇవ్వడమూ అలవాటైంది.

వికృతికి మూలమేమిటో తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మలేషియా పామాయిల్ బోర్డుకు చెందిన మెలీనా ఓంగ్ అబ్దుల్లా, సహచరులు 2015లో ‘నేచర్’ పత్రికలో దాన్ని ప్రకటించారు. పువ్వు అవయవాలను తీర్చిదిద్దే ఒక జన్యువు నడుమ, స్థానం మారే స్వభావంగల ఒక డి.ఎన్.ఎ. ఖండం ఒదిగి ఉంది. మామూలుగా దానిపై మిథైల్ గుంపులు తాళం వేసినట్లు కూర్చుని ఉంటాయి. వర్ధనంలో కొన్ని కణాల్లో ఆ తాళం ఊడిపోతుంది, జన్యువు సందేశం తప్పుగా చదవబడుతుంది, పువ్వు చెడుతుంది. జన్యువులోని అక్షరాలు మారవు, వాటిపై వేసిన గుర్తులే మారతాయి. చిత్రమేమంటే ఆ డి.ఎన్.ఎ. ఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘కర్మ’. తాళం నిలిచిన రూపాన్ని ‘మంచి కర్మ’ అని, ఊడిన రూపాన్ని ‘చెడ్డ కర్మ’ అని వారే వ్యవహరించారు.

ఈ ఆవిష్కరణతో లెక్కలో ఒక కొత్త మెట్టు చేరింది. ఆకు నుంచి చిన్న ముక్క తీసి, ‘కర్మ’ ఖండంపై తాళం ఉన్నదీ లేనిదీ నారుమడిలోనే పరీక్షించవచ్చు. లోగడ ఊహించి వేసిన నూటికి ఒకటి వంటి అంకెను ఇప్పుడు సీసా వారీగా, ఆవృత్తి వారీగా కొలిచి సమీకరణంలో వేయవచ్చు. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ వంటనూనెల పథకం ఆయిల్ పామ్ విస్తీర్ణాన్ని 10 లక్షల హెక్టార్లకు చేర్చాలని సంకల్పించింది. అందుకు కోట్లాది మొక్కలు కావాలి. వాటికి ప్రధానాధారం నేటికీ సంకర విత్తనమే. అది దేశంలోని విత్తన తోటల నుంచి, విదేశాల నుంచి వస్తోంది. సీసా మొక్క ఆ స్థానానికి రావాలంటే ఎన్ని ఆవృత్తుల వద్ద ఆగాలో ముందుగా తేలాలి. తొలి గెల కోసం నాలుగేళ్లు వేచి చూసి తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఇక లేదు.

అభ్యాసం

1. గుర్రపుడెక్క ఉదాహరణలో ఎనిమిదో వారం చివర చెరువులో ఎంత భాగం నిండి ఉంటుంది?
2. సీసాలో కణరాశికి గరిష్ఠ పరిమితి ఎలా ఏర్పడుతుందో యానకంలోని చక్కెర ఆధారంగా వివరించండి.
3. తడిబరువు, ఎండుబరువు పరస్పర విరుద్ధమైన ఫలితాలను ఎప్పుడు చూపుతాయి? ఎందుకు?
4. ప్రతి ఆవృత్తిలో నూటికి రెండు పిండాభాలు దారి తప్పితే, ఎనిమిది ఆవృత్తుల తరవాత ఎకరాలోని 57 ఆయిల్ పామ్ చెట్లలో సగటున ఎన్ని వ్యర్థమవుతాయి? ఆ సగటును ఒక్క రైతు పొలానికి అన్వయించడంలోని ప్రమాదాన్ని చర్చించండి.